రెండు నుంచి నాలుగు దాకా

మా అమ్మకి రోజు మొత్తంలో రెండు గంటలే సొంతం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా.

నాన్నగారు భోంచేసి మళ్లీ కొట్టుకి వెళ్లిపోయేవారు. మామ్మ నడవాలో చాప వేసుకుని "కాసేపు నడుం వాలుస్తానే" అంటూనే గురక పెట్టేది. అప్పుడు అమ్మ అంట్లు తోమి బోర్లించి, చేతులు పైటచెంగుకి తుడుచుకుంటూ వచ్చి వీధివైపు కిటికీ కింద కూర్చునేది. నాలుగింటికి పాలబ్బాయి సైకిలు గంట వినబడగానే లేచిపోయేది. చేతిలో ఏమున్నా సరే, ఎక్కడిది అక్కడే. సగం అల్లిన పువ్వు, సగం నింపిన కుండీ, ఒక్కోసారి సగం గిలక్కొట్టిన గుడ్లు.

మాది నరసాపురం. 1980ల మాట చెబుతున్నాను. ఆ రెండు గంటల్లో అమ్మ చేసిన పనులేవీ ఎవరూ చెయ్యమని అడిగినవి కావు. చెయ్యకపోతే ఎవరికీ ఏ లోటూ లేదు. మా ఇంట్లో గారెలు లేకపోతే అలుగుతారు గానీ, కేకు లేదని ఎవరూ అలగరు. రేడియోకి లేసు గుడ్డ కప్పకపోయినా విజయవాడ కేంద్రం పలుకుతుంది. అయినా ఆ రోజులు తలుచుకుంటే అమ్మ వండిపెట్టిన వేల పూటల అన్నం కన్నా ముందు ఆ పనికిరాని పనులే గుర్తొస్తాయి నాకు. కృతఘ్నురాలిననుకున్నా ఫర్వాలేదు.

నరసాపురం అనగానే తెలిసినవాళ్లు లేసు గురించే అడుగుతారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు వచ్చి మావైపు ఆడవాళ్లకి కొక్కెం సూదితో లేసు అల్లడం నేర్పారు. అది పాలకొల్లు దాకా, చుట్టుపక్కల పల్లెల దాకా పాకింది. మా వీధిలో లేసు సూది లేని ఇల్లు లేదనే చెప్పాలి. అరుగుల మీద కూర్చుని, కబుర్లు చెప్పుకుంటూ, చేతివంక చూడకుండా అల్లేసేవారు. చూపుడువేలికి దారం ఒక చుట్టు, సూది లోపలికి, కొక్కేనికి దారం తగిలించుకుని బయటికి. కళ్లు మాత్రం వీధిలో ఎవరు ఎవరింటికి వెళ్తున్నారో వాళ్లమీదే.

కాకపోతే అది కూలి పని. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, అల్లిన లేసు తూచి తీసుకునేవాడు. పువ్వులు అల్లడాన్ని చేతిపని అంటారు. ఆ పువ్వుల్ని ఒకదానికొకటి కలిపి బల్లగుడ్డగానో దుప్పటిగానో చెయ్యడం అతుకుపని. అమ్మది చేతిపని. నెలాఖరుకి వచ్చిన డబ్బు లెక్కపెడుతుంటే మామ్మ పక్కనుంచి చూసి, "సూది అరుగుదలకి కూడా చాలవే ఇవి" అనేది.

మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త మా నరసాపురం లేసు పనివాళ్ల మీద 1982లో ఒక పుస్తకమే ప్రచురించారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. గృహిణులు తీరిక వేళల్లో చేసుకునే పని అని పేరు పెట్టి, ఆ పేరు చాటున వాళ్లకి కూలి తగ్గించి ఇస్తున్నారని ఆవిడ వాదన. ఈ సంగతి అమ్మకి చెప్పాను. "తీరికా? మరి నా కళ్లజోడు నంబరు ఎవరు పెంచారమ్మా?" అంది.

ఆ ఏజెంటు లేసుని అమ్మ పొద్దున్న కాఫీలయ్యాక అల్లేది, ఎసరు మరిగేలోపు అల్లేది, రాత్రి మా చదువులయ్యేదాకా లైటు కింద కూర్చుని అల్లేది. రెండు నుంచి నాలుగు దాకా మాత్రం దాన్ని ముట్టేది కాదు. ఆ వేళ తీసే సంచీ వేరు.

ఆ సంచీలో ఉండేవి మిగులు దారాలు. ఎంత జాగ్రత్తగా అల్లినా ఉండ చివర జానెడో మూరెడో ముక్క మిగిలేది. తూకంలో తేడా రానంత ముక్క. దాన్ని పారెయ్యకుండా పాత ముక్కకి ముడేసి, అగ్గిపెట్టె అట్టకి చుట్టేది. ఆ చుట్ట నిమ్మకాయంత నుంచి కమలాపండంత కావడానికి ఏడాదిన్నర పట్టింది. అప్పుడు మొదలుపెట్టింది రేడియో గుడ్డ. వరసగా అనాసకాయల అల్లిక, అంచుకి గవ్వల అల్లిక.

ఆ గుడ్డ ఇప్పుడు నా దగ్గరుంది. పైనుంచి చూస్తే అంతా ఒకే దారంతో అల్లినట్టుంటుంది. తిరగేసి చూడాలి. వెనకంతా ఆవగింజంత ముడులు. వేలితో తడిమితే గరగర తగులుతాయి. తెలుపులోనూ నాలుగైదు తెలుపులు. ఒకచోట పాల తెలుపు, ఒకచోట మజ్జిగ తెలుపు, ఇంకోచోట గంజి పెట్టిన పంచె తెలుపు. ఒక్కో ముడి దగ్గర ఒక్కో ఏజెంటు పని పూర్తయిందన్నమాట. ఆ పువ్వులు ఏ ఊరు వెళ్లాయో, ఏ దేశంలో ఎవరి భోజనాల బల్ల మీద పరుచుకున్నాయో తెలీదు. వాటిలో మిగిలిన జానెడు మా రేడియో ఎక్కింది.

నాన్నగారికి మాత్రం అది చికాకు. వార్తలు పెట్టాలంటే గుడ్డ పైకెత్తాలి, మీట తిప్పాలి, మళ్లీ సర్దాలి. ఒకరోజు విసుక్కున్నారు.

"దీనికీ ముసుగెందుకే, ఏమన్నా పెళ్లికూతురా?"

అమ్మ ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత చూస్తే గుడ్డకి మీటలున్నచోట రెండు గుండ్రటి కన్నాలు, వాటి చుట్టూ చిన్న చిన్న రేకులు. రెండు పూల మధ్యలోంచి రెండు మీటలు బయటికి వచ్చాయి. నాన్నగారు మీట తిప్పారు, వార్తలు విన్నారు, వెళ్లిపోయారు. ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా రేడియో పెట్టి చూపించే నెపంతో ఆ మీటలే చూపించేవారు.

లేసూ కేకూ మా ఇంట్లోకి ఒకే గుమ్మంలోంచి వచ్చాయి. మా వీధి చివర మిషను బళ్లో పనిచేసే టీచరుగారుండేవారు. అమ్మకి సూది పట్టడం నేర్పింది ఆవిడే. క్రిస్మస్‌కి వాళ్లింటి నుంచి పళ్లెం వచ్చేది. అరిసెలు, జంతికలు, వాటి పక్కన నాలుగు కేకు ముక్కలు, పైన లేసు రుమాలు. అరిసెలు మా ఇంట్లో సంక్రాంతికి డబ్బాలకొద్దీ ఉండేవే కాబట్టి మా చూపు కేకు మీదే. నలుగురికి నాలుగు ముక్కలు, రెండో ముక్క అన్న మాట లేదు. ఒక ఏడు అమ్మ ఖాళీ పళ్లెం తిరిగివ్వడానికి వెళ్లి అడిగేసింది.

"టీచరుగారండీ, ఇది ఇంట్లో అవుద్దాండీ?"

"అవకేం అమ్మాయ్. ఐదు గుడ్లు తక్కెడలో ఒక పక్క వెయ్యి. రెండో పక్క అంతెత్తు మైదా, అంతెత్తు పంచదార, అంతెత్తు వెన్న. ఒక చెంచా బేకింగ్ పౌడరు. అంతే."

గుడ్ల ఎత్తు పావు కిలో తూగింది. నాన్నగారిది కిరాణా కొట్టు కాబట్టి తక్కెడకి, పంచదారకి కొదవ లేదు. మైదా కూడా కొట్లోదే. కష్టమంతా వెన్న దగ్గరే. పావు కిలో వెన్న కావాలంటే వారం రోజుల మీగడ దాచాలి. దాచిన మీగడ చిలికితే నెయ్యి కాచాలి గానీ, మైదాలో కలిపెయ్యడమేమిటి? ఆ వారం పప్పులోకి నెయ్యి లేదు. మామ్మ ఒక ముద్ద తిని, గిన్నెవంక చూసి, అమ్మవంక చూసి, ఇంకేమీ అనకుండా మజ్జిగ పోసుకుంది. ఆ మౌనం ఎంత ఖరీదైనదో అమ్మకే తెలుసు.

గుడ్లు గిలక్కొట్టడానికి ఇంట్లో ఉన్నది మజ్జిగ కవ్వం ఒక్కటే. బాగానే పనిచేసింది. నురగ వచ్చింది, గుడ్లు తెల్లగా పొంగాయి. కవ్వాన్ని చింతపండేసి కడిగి, ఎండలో పెట్టి, ఎక్కడిది అక్కడ తగిలించాం. అయినా మర్నాడు మజ్జిగ నోట్లో పోసుకోగానే మామ్మకి నీచువాసన వచ్చింది.

"ఎవర్తే నా కవ్వంతో గుడ్లు తిప్పింది?"

ఇంట్లో ఆడవాళ్లం ముగ్గురమే. అందులో ఒకరు అడుగుతున్న మనిషి. ఆ ఆదివారం సంతలో రెండో కవ్వం కొనేదాకా ఇంట్లో శాంతి లేదు. రెండూ కలిసిపోకుండా కొత్తదాని మెడకి అమ్మ ఎర్ర వైరు ముక్క చుట్టింది. దాని పేరు కేకు కవ్వం.

ఓవెన్ అన్న మాట కూడా మాకు తెలీదు అప్పటికి. ఇసుకలో కాల్చమన్నారు టీచరుగారు. ఎదురింటివాళ్లు ఇల్లు కట్టుకుంటూ గోదావరి ఇసుక తోలించుకున్నారు. నేనూ తమ్ముడూ తపేలా పట్టుకెళ్లి అడిగితే, మేస్త్రీ నవ్వి "ఏం కడతారమ్మా దీంతో?" అన్నాడు. "కేకు" అన్నాడు తమ్ముడు. అమ్మ ఆ ఇసుకని జల్లించి, నాలుగు నీళ్లు పోసి కడిగి, డాబా మీద ఆరబోసింది. పాత డేగిసా అడుగున రెండు వేళ్ల మందాన ఇసుక. దాన్ని కిరసనాయిలు స్టవ్ మీద పెట్టి పావుగంట కాచాలి. ఇసుక మధ్యలో చిన్న పళ్లెం బోర్లించి, దానిమీద కేకు గిన్నె పెట్టి, పైన మూత, మూత మీద బరువుకి పచ్చడి బండ. గిన్నె అడుగున కేకు అంటుకోకుండా పేపరు గుండ్రంగా కత్తిరించి వెన్న రాసి వేసింది. బటర్ పేపరు కాదండోయ్, నిన్నటి దినపత్రిక. ఇప్పుడెవరైనా ఆ పని చేస్తే నేనే కేకలేస్తాను.

ఇంకా నాలుగు కాలేదు. మూత తీస్తే అడుగు నల్లగా మాడింది. పైభాగం మాత్రం తెల్లగా, జబ్బుపడి లేచిన మనిషి మొహంలా ఉంది. వాసనకి మామ్మ లేచి వచ్చింది.

"ఏంటే ఇది, దిబ్బరొట్టా?"

"కేకండీ అత్తయ్యగారూ."

మామ్మ దాన్ని రెండు వేళ్లతో నొక్కింది. తిరగేసి చూసింది. గొడవ ఖాయం అనుకున్నాం.

"పైన నిప్పు లేకుండా రొట్టె ఎలా కాలుద్దే, పిచ్చిదానా?"

ఇప్పటి దిబ్బరొట్టెలు గ్యాస్ మీద మూత పెట్టి కాలుస్తున్నారు గానీ, మామ్మ కాలంలో వేరు. మినప్పిండిలో బియ్యపు రవ్వ కలిపి మందపాటి మూకుట్లో నూనె వేసి దిబ్బలా పోసి, కింద బొగ్గుల కుంపటి, పైన ఇనప మూత, ఆ మూత మీద మళ్లీ నిప్పులు. కింద సెగ, పైన సెగ. తిరగెయ్యక్కర్లేకుండా రెండువైపులా ఎర్రగా కాలుతుంది. ఆ తర్వాత చాలా ఏళ్లకి దుకాణంలో ఓవెన్ చూసినప్పుడు, పైన ఒక కడ్డీ, కింద ఒక కడ్డీ ఎర్రగా వెలుగుతుంటే, అరే, ఇది మామ్మ మూకుడే కదా అనిపించింది.

రెండో కేకుకి మధ్యాహ్నం మామ్మ నిద్రపోలేదు. నా జ్ఞాపకంలో అది మొదటిసారి. కుంపటి ముందేసుకుని, బొగ్గులు ఎర్రగా అయ్యాక పట్టకారుతో ఒక్కొక్కటీ తీసి మూత అంచుల వెంట పేర్చింది. మధ్యలో పెట్టనివ్వలేదు. "మధ్యలో పెడితే నడినెత్తి మాడుద్ది. అంచుల్నించి సెగ అదే పాకుద్ది." స్టవ్ వత్తులు తగ్గించమంది. మూత తియ్యబోయిన తమ్ముడి చేతి మీద ఒక్కటిచ్చింది. అరగంటయ్యాక అమ్మ కొత్త చీపురులోంచి పుల్ల విరిచి, కడిగి, కేకు మధ్యలో గుచ్చి తీసింది. పుల్లకి పిండి అంటింది. మళ్లీ మూత. ఇంకో పది నిమిషాలకి మళ్లీ గుచ్చింది. ఈసారి పుల్ల శుభ్రంగా వచ్చింది.

పళ్లెంలో బోర్లించి పేపరు ఒలిస్తే, కేకు అడుగున అక్షరాలు. సిరా వెన్నకి కరిగి, ఎడమది కుడికి తిరగబడి అచ్చు పడింది. తమ్ముడు కేకుని గోడ అద్దం దగ్గరికి మోసుకెళ్లి కూడబలుక్కుని చదివాడు. "కోస్తాలో... ఒక మోస్తరు... వర్షాలు." ఆ ముక్క వాడే తిన్నాడు. చాలా కాలం వాడికి జలుబు చేస్తే మేము ఆ కేకు మీదికే తోసేవాళ్లం.

మామ్మ శనివారాలు గుడ్డు ముట్టదు. ఆ రోజు శనివారం. "నాకొద్దే, మీరు తినండి" అని కుంపటి సర్దుకుని వెళ్లిపోయింది. ఆదివారం తెల్లారి పళ్లు తోముకుని, కాఫీ కూడా తాగకుండా వంటింటి గుమ్మంలో నిలబడింది.

"నా వాటా ఏదే?"

ఆ తర్వాత చాలా కేకులు చేశారు ఇద్దరూ. పెరట్లో బొప్పాయి కాయలు పచ్చివి కోసి, సన్నగా ముక్కలు తరిగి, ఉడికించి, రంగు వేసిన పాకంలో నానబెట్టి టూటీ ఫ్రూటీ కూడా చేశారు. బజారులో అమ్మేదీ పచ్చి బొప్పాయే అని తెలిసిన రోజున నాన్నగారు చాలాసేపు నమ్మలేదు. ఇసుక మాత్రం ఎప్పుడూ అదే. చల్లారాక డబ్బాలోకి ఎత్తి, మూతపెట్టి, అటక మీద ఉంచేది అమ్మ. ఎదురింటి మేడ పూర్తయి, రంగులేసి, పెచ్చులూడటం మొదలయ్యేదాకా ఆ ఇసుక మా ఇంట్లో ఉంది.

వైరు బుట్టల గురించి ఎక్కువ చెప్పను. ఆ రోజుల్లో పెరిగిన ఆడపిల్లలందరూ అల్లినవే. ఎండాకాలం సెలవుల్లో నేను అల్లిన మొదటి బుట్ట ఒకవైపు జానెడు, ఇంకోవైపు జానెడున్నర ఎత్తు వచ్చింది. గులాబీ, ఆకుపచ్చ చారలు. నాన్నగారు దాంట్లోనే కూరగాయలు తెచ్చేవారు. వంకర వైపు నుంచి వంకాయలు జారి రోడ్డు మీద పడుతున్నా అదే పట్టుకెళ్లేవారు. కోడిగుడ్డు పెంకుతో జోకరు బొమ్మ, అగ్గిపుల్లలతో ఇల్లు, ముత్యాల చిలక, ఇవన్నీ కూడా అయ్యాయి. చిలక ముక్కు ఎప్పుడో ఎక్కడో పోయింది.

మొక్కల దగ్గర అమ్మకి ఒక పట్టుదల ఉండేది. మొక్క కొనడమంటే ఆవిడకి పరువు తక్కువ. కడియం నర్సరీల నుంచి తెచ్చి రిక్షాలో అమ్ముకునేవాళ్లు వస్తే బయటికెళ్లి ప్రతి మొక్కా చూసేది, పేరు అడిగేది, ఎండ ఎంత కావాలో నీళ్లెంత పొయ్యాలో తెలుసుకునేది, చివరికి "ఇంకోసారి చూద్దాంలే" అని లోపలికి వచ్చేసేది. మా ఇంట్లో ఉన్నవన్నీ అడిగి తెచ్చుకున్న కొమ్మలే. డిసెంబరం టీచరుగారి పెరట్లోది. క్రోటన్ పోస్టాఫీసు పక్కింటిది. రణపాల ఆకు నేను సైన్సు పుస్తకంలో పెట్టి మర్చిపోతే, నెల తర్వాత ఆకు అంచుల్లోంచి బియ్యపుగింజంత మొక్కలు లేచి ఉన్నాయి. అది కూడా పాలడబ్బాలోకి ఎక్కింది.

అడగకుండా తెచ్చింది ఒక్కటే. మనీప్లాంటు.

అది దొంగిలించి తెస్తేనే కలిసొస్తుందని అందరూ అంటారు కదా. మా అమ్మ పక్కింటి పెరట్లో రాలిన మునగకాయ కూడా చెప్పకుండా తీసుకునే మనిషి కాదు. అలాంటిది, నాన్నగారు కొట్టు పెద్దది చెయ్యడానికి లోను కోసం ఒక బ్యాంకుకి వెళ్తూ సంతకానికి అమ్మని కూడా తీసుకెళ్లారు. మేనేజరు గది బయట కుండీలో మనీప్లాంటు గోడంతా పాకి ఉంది. నాన్నగారు లోపల మాట్లాడుతున్నారు. అమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. ఇంటికొచ్చాక పైటకొంగు ముడి విప్పితే రెండు ఆకులున్న చిన్న తీగముక్క, కాస్త వాడి ఉంది. లోను రాలేదు. మనీప్లాంటు వచ్చింది.

దాన్ని హార్లిక్స్ సీసాలో నీళ్లు పోసి కిటికీలో పెట్టింది. ఆకు తొడిమ దగ్గర తీగకి చిన్న గోధుమరంగు బుడిపె ఉంటుంది. అదే కణుపు. కణుపు నీళ్లలో మునగాలి, ఆకు మునగకూడదు. కణుపు లేని ముక్క ఎన్నాళ్లున్నా వేరు వెయ్యదు. అమ్మకి ఇది ఎవరూ చెప్పలేదు. తెచ్చిన తీగని రెండు ముక్కలు చేసి రెండు సీసాల్లో పెడితే ఒకటి కుళ్లిపోయింది, ఒకటి బతికింది. ఎందుకో చూసుకుని నేర్చుకుంది. పదిహేను రోజులకి బుడిపెలోంచి తెల్లటి వేరు, సూది మొనంత, బయటికి పొడుచుకొచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం అమ్మ ఇంకేమీ చెయ్యలేదు. సీసాని వెలుతురుకి అడ్డం పెట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ చూసింది. వెలుతురుకి నాచు పడుతోందని తర్వాత సీసాకి కొంచెం ఎత్తు దాకా మిగులు దారంతో చిన్న తొడుగు కూడా అల్లింది. మొక్కకి కూడా లేసు చీర అని మా మేనత్త ఎగతాళి.

సీసాలో ఉన్నంతకాలం దాని ఆకు తమలపాకు కన్నా చిన్నదే. ఒక కొమ్మని పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో పాతితే, మాను పట్టుకుని ఎక్కుతూ ఎక్కుతూ చేమాకంత ఆకులు వేసింది. చూసినవాళ్లు రెండూ ఒకటే మొక్క అంటే నమ్మేవారు కాదు.

1996 నవంబరులో తుపాను వచ్చింది. ఎక్కువ దెబ్బ కోనసీమకే తగిలింది, అక్కడ తోటలకి తోటలు నేలకొరిగాయి. మావైపూ చెట్లు పడ్డాయి. నేను అప్పటికి పెళ్లయి హైదరాబాదులో ఉన్నాను. ఫోన్లు పనిచెయ్యడం లేదు. వారం తర్వాత ఊరెళ్లేసరికి పెరట్లో కొబ్బరిచెట్టు ప్రహరీ మీద అడ్డంగా పడి ఉంది, ఒంటినిండా మనీప్లాంటుతో. అమ్మ దాని మీద కూర్చుని, కత్తిపీట పక్కన పెట్టుకుని, తీగని కణుపు కణుపుకీ కోస్తోంది. కొబ్బరిచెట్టు పోయిందన్న ఏడుపు అప్పటికే అయిపోయినట్టుంది. వీధిలో అందరిళ్ల పెరళ్లూ బోసిపోయాయి. "వేరేం మొక్కా లేదుగా ఇప్పుడు, తలా ఒకటి ఇద్దాం" అంది. చెంబుల్లో, గ్లాసుల్లో, విరిగిన కూజాలో ముక్కలు పెట్టి నేనే ఇంటింటికీ ఇచ్చి వచ్చాను. అది దొంగ సొత్తని ఎవరికీ చెప్పలేదు.

బ్రహ్మకమలం కూడా అలాగే ఆకు తెచ్చి గుచ్చిందే. నాలుగేళ్లు ఆకు మీద ఆకు వేసుకుంటూ పోయింది గానీ పువ్వు లేదు. ఐదో ఏడు ఆకు అంచున మొగ్గ వచ్చి, కొంగ మెడలా వంగి, ఒక రాత్రి విచ్చుకోవడం మొదలైంది. తొమ్మిదింటికి వీధంతా మా పెరట్లో ఉంది. కరెంటు పోయింది. లాంతరు వెలుగులో రేకు రేకూ కదులుతుంటే ఎవరూ మాట్లాడలేదు. మామ్మ హారతిచ్చింది. పొద్దున్నకి అది వడిలిపోయి తీగకి వేలాడుతోంది. మన ఇళ్లలో పెరిగేది నిజానికి మెక్సికో వైపు నుంచి వచ్చిన ఒక రకం కాక్టస్ అనీ, అసలు బ్రహ్మకమలం హిమాలయాల్లో పూసే వేరే పువ్వనీ పెద్దయ్యాక చదివాను. మామ్మకి చెప్పే అవకాశం రాలేదు. వచ్చినా చెప్పేదాన్ని కాదు.

2024లో నరసాపురం లేసుకి జీఐ ట్యాగ్ వచ్చిందని వార్త చదివినప్పుడు అమ్మ మా ఇంట్లోనే ఉంది. చదివి వినిపించాను. "అంటే ఏంటి?" అని అడిగింది. మన ఊరిదేనని ప్రభుత్వం గుర్తించడం అన్నాను. "మనదే కదా, ఎవరన్నా కాదన్నారా?" అంది. ఆ మధ్యాహ్నం చేతికి సూది ఇవ్వమని అడిగింది. సూది ఇచ్చాను గానీ, కళ్లు ఆనలేదు. ముడి దాకా వచ్చి ఆపేసింది. ఆ ముక్కని పారెయ్యబోతే, ఉంచమంది.

మొన్న శ్రావణంలో మనవరాలి పుట్టినరోజుకి కేకు చేద్దామన్నాను. వంటింట్లో ఓవెన్ ఉంది. 180 డిగ్రీలు, 40 నిమిషాలు అని సెట్ చేశాను. అమ్మ కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చుంది, అచ్చు మామ్మ కుంపటి ముందు కూర్చున్నట్టు. అద్దంలోంచి తొంగి చూసింది.

"పైన నిప్పుందా దీనికి?"

ఉందని చూపించాను. తల ఊపింది. కాసేపటికి టైమరు టింగుమంది. నేను చేతికి గుడ్డ చుట్టుకుని కేకు బయటికి తీశాను. ఎర్రగా, ఎత్తుగా పొంగింది. ఫొటో తీద్దామని ఫోను కోసం పక్క గదిలోకి వెళ్లి వచ్చేసరికి అమ్మ కుర్చీలో లేదు. బాల్కనీలో మనీప్లాంటు కుండీ వెనక, చీపురు మూటలోంచి పుల్ల విరుస్తోంది.

కడిగి తెచ్చి కేకు మధ్యలో గుచ్చింది. తీసి, కళ్లకి దగ్గరగా పెట్టుకుని, వేలితో తడిమి చూసింది.

"లోపల పచ్చిగానే ఉంది. పెట్టెయ్ లోపల. ఇంకో పది నిమిషాలు."